కుడి బూటులో అక్క కుట్టు

ఒకప్పుడు ఆ ఊళ్ళో తూనీగ బూట్లు లేని గడప ఉండేది కాదు. బూటు పక్కన నీలం దారంతో కుట్టిన చిన్న తూనీగ, దానికి నాలుగు రెక్కలు. ఆ రెక్కల మీద దుమ్ము పడితే బళ్ళో పిల్లలు వేలు నోట్లో తడుపుకుని మరీ తుడుచుకునేవారు. ఉద్యోగానికి వెళ్ళే కుర్రాళ్ళ కాళ్ళకీ అవే, పొద్దున్నే పార్కు చుట్టూ తిరిగే పెద్దవాళ్ళ కాళ్ళకీ అవే. తమ సైజు అయిపోయిందంటే ఒక సైజు చిన్నదైనా కొనుక్కుని, వేళ్ళు ముడుచుకుని, నవ్వు మొహంతో నడిచినవాళ్ళు కూడా ఉన్నారు. ఫ్యాక్టరీ నాలుగంతస్తుల్లోనూ కుట్టు మిషన్లు హోరెత్తిపోయేవి. ఆ హోరుకి ఎంత అలవాటు పడ్డారంటే, కరెంటు పోయి మిషన్లు ఆగితే ఎదురింట్లో పసిపిల్ల లేచి ఏడ్చేదట.

ఈ వైభవమంతా ఒక చిరిగిన బూటుతో మొదలైంది. అప్పటికింకా తూనీగ పేరు పక్క వీధికే తెలియదు. ఒక మధ్యాహ్నం ఒక పరుగుల పిల్ల బూటు చేత్తో పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. ఎన్ని జతలు మార్చినా కుడి బూటే, అదీ చిటికెన వేలి పక్కనే చిరుగుతోందనీ, పందెం రెండు వారాల్లో ఉందనీ చెప్పి ఏడుపు మొహం పెట్టింది. గేటు దగ్గరవాళ్ళు ఇంకో జత ఇచ్చి పంపేద్దామనుకున్నారు. మిషను మీద పని చేసుకుంటున్న ఒకావిడ మాత్రం లేచి వచ్చి, ఏదీ ఒకసారి పరిగెత్తు, చూద్దాం అంది.

ఆ పిల్ల ఫ్యాక్టరీ వెనక ఖాళీ జాగాలో, మైదానంలో తిరిగినట్టే గుండ్రంగా తిరిగింది. ఆవిడ మెట్టు మీద కూర్చుని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూసింది. ఒక చుట్టు కాదు, పిల్ల ఆయాసపడి కూలబడేదాకా చూసింది. పందెంలో మలుపులన్నీ ఎడమకే. మలుపు తిరిగిన ప్రతిసారీ ఒంటి బరువంతా కుడి పాదం బయటి అంచు మీద పడుతోంది. అది కంటికి ఆనాక ఆవిడ లోపలికి వెళ్ళి, వేలెడు వెడల్పున తోలు పట్టీ కోసి, కుడి బూటు లోపల బయటి పక్కన దాన్ని ఆనించి, ముందు నుంచి మడమ దాకా ఒక వరస కుట్టింది. పరుగుల పిల్ల ఆ బూట్లతో గెలిచింది. మర్నాడు పేపర్లో ఫోటో పడింది. మెడలో పతకం సంగతి ఎలా ఉన్నా, ఆ పిల్ల బుగ్గకి ఆనించుకున్నది కుడి బూటు. అక్కడి నుంచి తూనీగకి నిజంగానే రెక్కలొచ్చాయి.

కుట్టినావిడ అచ్చుల మేస్త్రీ భార్య. బూటు ఏ ఆకారంలో రావాలో ఆ ఆకారంలో ముందు కొయ్య పాదం చెక్కాలి. ఆ అచ్చులు చెక్కడం మేస్త్రీ పని. ఆవిడని ఫ్యాక్టరీలో చిన్నా పెద్దా అందరూ అక్క అనేవారు. ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాడైన వాచ్‌మన్ కూడా అక్కా అనే పిలిచేవాడు. పెద్ద యజమాని, ఇకమీదట ప్రతి జతలోనూ కుడి బూటుకి ఆ పట్టీ ఉండాల్సిందేనన్నాడు. దానికి అక్క కుట్టు అని పేరు పడిపోయింది. బూటు తయారయ్యాక మేస్త్రీ లోపల వేలు పెట్టి తడిమేవాడు. కుట్టు తగిలితే పాసు, తగలకపోతే వెనక్కి.

తూనీగ ఎలా పెరిగిందో చెప్పడం తేలిక. ఎలా తగ్గిందో చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. అడుగున మెత్తటి అట్టలున్న బూట్లు బయటి నుంచి వచ్చాయి, అది ఒకటి. పెద్ద యజమానికి ఊరి గోడల మీద తూనీగ బూట్ల బొమ్మలు పెద్దగా వేయించే పిచ్చి పట్టింది, అది ఒకటి. అంతకన్నా ముందు ఉత్తరాలు రావడం మొదలైంది. బూట్లు బాగానే ఉన్నాయి గానీ కుడి కాలు కరుస్తోందని ఒకరు, పార్కులో రెండు చుట్లు తిరిగేసరికి చిటికెన వేలు కమిలిపోయిందని ఒకరు. వాటికి జవాబు రాసే పని మేస్త్రీకి పడింది. డిగ్రీ చదివి కూడా తండ్రి చెక్కిన బల్ల దగ్గరే కూర్చుని కొయ్య చెక్కుతున్నవాడు ఫ్యాక్టరీలో ఆయన ఒక్కడే. ఆయన ఆలోచించి ఒక వాక్యం రాశాడు: 'పది రోజులు నడవండి, అలవాటవుతుంది.' అది యజమానికి తెగ నచ్చి కార్డు మీద అచ్చు వేయించాడు. అలా ఎన్ని కార్డులు వెళ్ళాయో లెక్కలేదు. రెండో ఉత్తరం రాసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. అలవాటైపోయిందనుకుని అందరూ సంతోషించారు. వాళ్ళు వేరే బూట్లు కొనుక్కున్నారని ఎవరికీ తట్టలేదు.

ఇప్పుడు పై మూడంతస్తులూ గోడౌన్లు. ఒకదాంట్లో ఫ్రిజ్‌లు, ఒకదాంట్లో ప్లాస్టిక్ కుర్చీలు, అన్నిటికన్నా పైదాంట్లో ఏముందో పావురాలకే తెలియాలి. కింద వెనకవైపు ఒక్క గది మిగిలింది. ఏడు మిషన్లు, తొమ్మిదిమంది మనుషులు. అక్క పోయి మూడేళ్ళయింది. ఆవిడ మిషను మీద కోడలు కూర్చుంటుంది. గది బాధ్యతంతా ఇప్పుడు ఆ అమ్మాయిదే. అట్టలు అతికించేది అక్క తమ్ముడు. ముప్ఫయ్యేళ్ళుగా జిగురు డబ్బాల మధ్య ఉన్నవాడు కాబట్టి అందరికీ జిగురు బాబాయి, మేస్త్రీకి బావమరిది. నోరు ఎప్పుడూ ఊరుకోదు, చేతులూ ఊరుకోవు.

పెద్దాసుపత్రిలో నర్సుల కాళ్ళు చూసి వాళ్ళకి బూట్లు కుడదామన్న ఆలోచన కోడలిది. ఆ పిల్లే వెళ్ళి పెద్ద నర్సుని ఒప్పించింది. ముందు ముప్ఫై జతలు, రెండు వారాలు తొడుక్కుని చూస్తాం. నచ్చితే ఆసుపత్రి మొత్తానికి మీవే అందావిడ. చిన్న యజమాని కూడా ఒప్పుకున్నాడు. అతను చెడ్డవాడేమీ కాదు, తండ్రి తెరిచిన తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చి అలిసిపోయినవాడు. ఆసుపత్రివాళ్ళు సరేనంటే గది ఉంటుంది, కాదంటే నెలాఖరుకి దీనికీ తాళమే అని, చెప్పలేక చెప్పలేక చెప్పి వెళ్ళాడు.

రెండు వారాల తర్వాత ఆసుపత్రి నుంచి చీటీలు వచ్చాయి. కోడలు మిషను ఆపి ఒక్కొక్కటీ చదివింది. తేలికగా ఉన్నాయని రాశారు. చప్పుడు చేయవు, రోగులు ఉలిక్కిపడి లేవడం లేదు అని ఒక నర్సు రాసింది. అది విని మేస్త్రీకి కడుపు నిండినట్టయింది. ఆ వెంటనే చదివిన చీటీలో కుడి కాలు నొప్పి అని ఉంది. దాని తర్వాతదాంట్లోనూ అదే. ముప్ఫై చీటీల్లో పదిహేడు, కుడి కాలు, చిటికెన వేలి పక్కన. అన్నిటికీ కింద పెద్ద నర్సు గుండ్రటి అక్షరాలతో ఒక ముక్క రాసింది: వారంలో సరిచేయగలిగితే చెప్పండి, లేకపోతే మేము వేరే చూసుకుంటాం.

"ఊళ్ళో వంకర కుడికాళ్ళన్నీ ఏరుకుని నర్సు ఉద్యోగాలిచ్చారా ఏంటి" అన్నాడు జిగురు బాబాయి.

మేస్త్రీ అచ్చులు తీసి కొలిచాడు. కుడీ ఎడమా వెంట్రుకవాసి తేడా లేదు. బావమరిది అట్టలు విరిచి చూశాడు. జిగురు గట్టిపడి గడ్డకట్టిన చోటు ఒక్కటీ లేదు. సాయంత్రం దాకా వెతికి వెతికి, ఇక తోచక, మేస్త్రీ అలవాటైన మాటే అన్నాడు. కొత్త బూటు కదా, పది రోజులు నడిస్తే అదే సర్దుకుంటుందన్నాడు.

"పద్నాలుగు రోజులు నడిచారు మావయ్యా" అంది కోడలు.

కసిరినట్టు అనలేదు, మెత్తగానే అంది. అయినా ఆ మాట మేస్త్రీకి ఎక్కడో తగిలింది. ఆ పిల్లే మళ్ళీ, ఒకసారి మీరు వెళ్ళి వాళ్ళు నడుస్తుంటే చూసి రాకూడదా అంది. అక్క అక్కడే పోయింది; అప్పట్నుంచి ఆయన ఆ ఆసుపత్రి గేటు దాటలేదు. అది కోడలికీ తెలుసు. తెలిసే అడిగిందని అర్థమయ్యాక ఆయన సరేనన్నాడు.

మర్నాడు పొద్దున్న ఆయన వెళ్ళి నడవాలో ఒక బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపటికి ఎండ మొహం మీదికి వచ్చింది. నేల తుడుస్తున్నాయన ఒక్క మాటా అడగకుండా బెంచీ ఒక కొస పట్టుకుని, లేవండి అన్నట్టు తలాడించి, దాన్ని నీడలోకి జరిపి తన పనిలో పడ్డాడు. లోపలికి రావడానికి మేస్త్రీ కూడదీసుకున్న ధైర్యంలో అప్పటికి మిగిలింది చాలా తక్కువ. ఆ కొంచెంతో నీడలో స్థిమితంగా కూర్చోగలిగాడు.

ఆయన మనుషుల్ని చూడలేదు, పాదాల్ని చూశాడు. ఇక్కడ మైదానం లేదు, ఎడమ మలుపు లేదు. కుడివైపు మంచం, ఎడమవైపు మంచం, మళ్ళీ కుడివైపు. సీసా తగిలించడానికి మునివేళ్ళ మీద లేస్తారు. మంచం కింద గిన్నె తీయడానికి గొంతుక్కూర్చుంటారు. మళ్ళీ లేస్తారు. ఒక పూటలో ఒక్కొక్కరూ ఎన్నిసార్లు గొంతుక్కూర్చుంటారో లెక్కపెడదామనుకుని నలభై దాటాక వదిలేశాడు. పాదం అలా మడిచినప్పుడల్లా బూటు చిటికెన వేలి దగ్గరే మడత పడుతోంది.

పదకొండు గంటలప్పుడు ఒక నర్సు మందుల గది తలుపు చాటుకి వచ్చి, కుడి బూటు విప్పి, ఒంటికాలి మీద నిలబడి వేలు నొక్కుకుంది. తల ఎత్తితే ఎదురుగా ఈయన.

"మీరు ఎవరి తాలూకండీ?" అంది గాభరాగా.

"బూట్ల తాలూకు అమ్మా" అన్నాడు మేస్త్రీ.

ఆ అమ్మాయికి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాపుకోలేక గోడకి ఆనుకుంది. బూటు ఆయన చేతికిచ్చి, కూర్చున్నప్పుడల్లా లోపల ఏదో గట్టిగా పొడుస్తుందండీ, మిగతాదంతా దూదిలా ఉంది అంది.

మేస్త్రీ అలవాటు ప్రకారం వేలు లోపలికి పోనిచ్చాడు. వేలు తిన్నగా వెళ్ళి కుట్టు మీద ఆగింది. ఇన్నేళ్ళుగా అక్కడ ఆగిన ప్రతిసారీ, ఉంది, బాగుంది అని చెప్పిన వేలు అది. ఆయన బూటుని పాదంలా మడిచాడు. పట్టీ వంగలేదు. వేలికి అడ్డంగా కర్రముక్కలా నిలబడింది. ఒకసారి వదిలి మళ్ళీ మడిచాడు. గోడ మీద పెద్ద పెద్ద బొమ్మలు, కార్డుల కట్టలు, రెండోసారి రాయని మనుషులు అందరూ ఒకేసారి ఆ మడతలోంచి లేచి వచ్చినట్టయింది. ఏమైందండీ అని నర్సు రెండుసార్లు అడిగాక, ఏం లేదమ్మా, తప్పు మీ కాలిది కాదు అని బూటు తిరిగి ఇచ్చాడు.

గదికి రాగానే ముందు నర్సుల బూట్ల కోసం తాను గీసిన కాగితం తీసి చూశాడు. ముక్కలన్నీ ఉన్నాయి, కొలతలన్నీ ఉన్నాయి. పట్టీ మాత్రం లేదు. ఆయన గీయలేదు, కుట్టమని ఎవరికీ చెప్పలేదు. కోడలిని పిలిచి చూపించాడు. ఆ పిల్ల కాగితం వంకా తన చేతుల వంకా మార్చి మార్చి చూసుకుంది. ముప్ఫై కుడి బూట్లకీ పట్టీ వేసింది తనే. వేస్తున్నానని కూడా తెలియకుండా వేసింది. వేశాక మేస్త్రీ వేలు పెట్టి చూశాడు. కుట్టు తగిలింది కాబట్టి పాసు చేశాడు. కాగితంలో లేనిదాన్ని తొమ్మిదిమందిలో ఒక్కరూ ఇదేంటని అడగలేదు. ఇంకెక్కడైనా అయితే మొదటి బూటు దగ్గరే పట్టుబడేది. ఈ గదిలో అది లేకపోతేనే తప్పు.

తీసేయాలి అన్నాడు మేస్త్రీ. ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చేసరికి గదిలో మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

జిగురు బాబాయి చేతిలో బ్రష్షు డబ్బాలో పడేశాడు. ఆయనకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"అక్క పోయింది. ఆ మిషను మీద ఇప్పుడు వేరే మనిషి కూర్చుంది, తప్పనట్లేదు. అక్కది అంటూ ఈ గదిలో మిగిలింది ఆ ఒక్క కుట్టే బావా. అది కూడా నీ చేత్తోనే విప్పుతావా?"

"విప్పకపోతే గదే ఉండదు."

"పోతే పోనీ. తూనీగ అని పేరు పెట్టుకుని అక్క కుట్టు లేకుండా అమ్మేకంటే తాళం వేసుకోవడమే మర్యాద."

అని ఆయన గేటు దాటి ఎదురుగా ఉన్న టీ కొట్టు దాకా వెళ్ళిపోయాడు. దానికి జవాబు చెప్పాలంటే మేస్త్రీ, ఈ మూడేళ్ళలో రోజుకొకసారైనా ఆ కుట్టు మీద వేలు ఆనించడం కోసమే తాను పనికి వస్తున్నానని అనాలి. అది బావమరిదితోనే కాదు, ఎవరితోనూ అనలేని మాట. నమూనాగా గదిలో ఉంచుకున్న నర్సుల కుడి బూటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బ్లేడు తీశాడు. చెయ్యి ముందుకి పోలేదు.

కోడలు వచ్చి పక్కన స్టూలు వేసుకుంది. బ్లేడు అక్కర్లేదు మావయ్యా అంది. ఆయన చేతిలోంచి బూటు తీసుకుని, మడమ దగ్గర లోపలికి దూరి ఉన్న దారం కొస గోటితో పైకి లాగింది.

"అత్తయ్య నాకు ఇది నేర్పేటప్పుడు గొలుసు కుట్టే వెయ్యమన్నారు. గట్టిగా ఉంటుంది కదా, మామూలు కుట్టు వేస్తానంటే ఒప్పుకోలేదు. ఆ పరుగులమ్మాయితో కూడా చెప్పారట, నీ కాలికి నచ్చకపోతే మొహమాటపడకు, ఇక్కడ పట్టుకుని లాగెయ్యి, మొత్తం వచ్చేస్తుంది అని. తీసేసే వీలు లేకుండా ఎవరి బూటులోనూ ఏదీ పెట్టకూడదు అనేవారు."

ఆ పిల్ల దారం లాగింది. కుట్టు మడమ నుంచి ముందుదాకా ఒక్కొక్క గొలుసూ వీడుతూ, చిన్న చినుకు చప్పుడుతో మొత్తం ఊడి వచ్చింది. పట్టీ ఆమె ఒళ్ళో పడింది. బూటు లోపల ఎక్కడా చిరగలేదు; సూది గుచ్చిన చుక్కలు మాత్రం ఉన్నాయి.

ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఆ సంగతి తనకి చెప్పలేదేం అనుకున్నాడు మేస్త్రీ. తనే అడగలేదేమో. ఫ్యాక్టరీ మొత్తం ఆ కుట్టుని నెత్తిన పెట్టుకుంటే, దాన్ని వేసిన మనిషి మాత్రం అది ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో ఒకరికి నచ్చకపోవచ్చని తెలిసి, విప్పుకునే దారి కూడా కుట్టులోనే పెట్టి వెళ్ళింది. ఆయన దారం తీసుకుని వేలికి చుట్టుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఏడుపు వచ్చింది. అది దుఃఖంలా లేదు. కోడలు లేచి వెళ్ళి మిషనుకి నూనె వేస్తున్నట్టు అటు తిరిగి నిలబడింది.

టీ కొట్టు దగ్గర మేస్త్రీ బావమరిదికి ఆ దారమే చూపించాడు. ఏం జరిగిందో చెప్పాడు. ఆయన రెండు గుక్కల్లో తాగాల్సిన టీ చల్లారేదాకా పట్టుకుని కూర్చున్నాడు.

"ఆ పిల్ల పరిగెత్తినంతసేపూ మీ అక్క సూది ముట్టుకోలేదురా" అన్నాడు మేస్త్రీ. "చూసింది. మనం ఆ తర్వాత ఒక్కసారీ చూడలేదు."

జిగురు బాబాయి గ్లాసు కింద పెట్టాడు. మా అక్క మనందరికన్నా తెలివిగలదని నేను చిన్నప్పుడే చెప్పానుగా, ఎవరు విన్నారు అని గొణిగి, ముక్కు తుడుచుకుని, పద అని తనే ముందు లేచాడు.

ముప్ఫై జతలూ వెనక్కి తెప్పిస్తే నర్సులు రెండు రోజులు ఏం తొడుక్కుంటారని పెద్ద నర్సు అంది. అందుకని వీళ్ళే వెళ్ళారు. దుప్పట్లు మడిచిపెట్టే గదిలో నేల మీద ముగ్గురూ కూర్చున్నారు. నర్సులు వంతులవారీగా వచ్చి, సాక్సులతో గోడకి ఆనుకుని నిలబడి కబుర్లు చెప్పారు. కోడలు కొస దొరకబుచ్చుకుని లాగేది, మేస్త్రీ లోపల తడిమి పాదంలా మడిచి చూసేవాడు. ఇప్పుడు వేలు ఎక్కడా ఆగకూడదు. మొదట్లో ప్రతి బూటులోనూ అది ఆగాల్సిన చోట తటపటాయించింది. పదో బూటుకి తటపటాయింపు తగ్గింది. పట్టీ తీసిన చోట అంచు లేస్తే జిగురు బాబాయి దాన్ని అతికించేవాడు. మీ ఆసుపత్రి మందుల వాసన కంటే నా జిగురు వాసనే నయం, కావాలంటే వార్డులో పెట్టించండి అని ఆయన అంటే, ఒక నర్సు, ఇదే వాసన మూడు రోజులు పీలిస్తే మిమ్మల్నే వార్డులో పెడతాం బాబాయిగారూ అని తిప్పికొట్టింది.

ఒకావిడ మాత్రం బూటు విప్పనంది. ఆవిడ రోగుల్ని తోపుడు మంచం మీద ఆపరేషన్ గదికి తీసుకువెళ్ళే మనిషి. ఎత్తు ఎక్కించేటప్పుడు నా బరువంతా కుడి కాలి మీదే, నాకు ఈ గట్టిదనమే బాగుంది, నా జోలికి రాకండి అని బూటుని వెనక్కి దాచుకుంది. జిగురు బాబాయి మొహం వెలిగిపోయింది. ఆవిడ బూటు మాత్రం తీసుకుని, విప్పడానికి కాదమ్మా అని ఒట్టుపెట్టి, తుడిచి, తూనీగ రెక్కలు మెరిసేదాకా తుడిచి ఇచ్చాడు.

వారం తిరిగాక పెద్ద నర్సు మేస్త్రీని రమ్మని కబురు చేసింది. కోడలు కూడా వస్తానంది గానీ, ఆ పిల్ల పొద్దుటి నుంచీ వేసిన కుట్టే విప్పి మళ్ళీ వేస్తోందని గమనించి, నువ్వు గదిలో ఉండు, మంచైనా చెడైనా ముందు నేను విని వస్తానన్నాడు. నడవాలో నర్సులు ఎదురయ్యారు. ఒకరు నమస్కారం పెట్టారు, ఒకరు అసలు గుర్తుపట్టలేదు. బూట్ల గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

పెద్ద నర్సు బల్ల వెనక కూర్చుని ఏదో రాసుకుంటోంది. కూర్చోమంది. కారుతున్న కుళాయి గురించి ఫోనులో ఎవరినో నిలదీసింది. ఒక కాగితం మీద సంతకం పెట్టింది. ఆ తర్వాత కళ్ళజోడు తీసింది.

"నొప్పి ఉంటే నా దగ్గరికి వస్తారండీ. బాగుంటే రారు. ఈ వారం ఎవరూ రాలేదు. నేనే గుర్తుచేసి అడిగితే, ఏ బూట్లు మేడమ్ అన్నారు."

మేస్త్రీ ఇన్నేళ్ళు తయారుచేసిన బూట్లని జనం బుగ్గకి ఆనించుకున్నారు, గోడల మీద చూశారు, వేళ్ళు ముడుచుకుని తొడుక్కున్నారు. తొడుక్కున్న సంగతి మర్చిపోయినవాళ్ళు మాత్రం ఇప్పుడే దొరికారు. ఆవిడ కాగితాలు ఆయన వైపు తోసింది. ఆసుపత్రిలో పనిచేసే నర్సులందరి పాదాల కొలతలూ అందులో ఉన్నాయి, మూడు షిఫ్టులవాళ్ళవీ.

ఆయన లేవబోతుంటే తలుపు దగ్గర ఒక ఆయా నిలబడి ఉంది. అంతదాకా వేచి ఉన్నట్టుంది. కాళ్ళకి రబ్బరు చెప్పులు, ఒక దానికి పురికొస కట్టి ఉంది. స్నానాల గదులు కడిగేది తనేనట. సబ్బు నీళ్ళలో ఏది తొడుక్కున్నా జారుతోందట. పోయిన నెల పడి మణికట్టు బెణికిందట. నర్సులకేనా, మాకు కూడా కుడతారా అని అడగడానికి వచ్చానంది. పెద్ద నర్సు మేస్త్రీ వంక చూసింది. ఆయన ఆయా పాదాల వంక చూశాడు. సబ్బు నీళ్ళలో జారని అట్ట ఎలా ఉండాలో ఆయనకి తెలియదు. తెలియదమ్మా, చేసి చూడాలి అన్నాడు. ఆవిడ పేరూ, పక్కనే సబ్బు నీళ్ళలో జారని అట్ట అనీ కాగితం చివర రాయించాడు.

గదిలో కొలతల కాగితాలు బల్ల మీద పెట్టగానే ఎవరూ కేకలు వేయలేదు. కోడలు కూర్చున్న చోటే రెండు చేతులూ మిషను మీద ఆనించి, వాటి మీద తల వాల్చింది. చిన్న యజమానికి కబురు పంపారు. జిగురు బాబాయి చివరి పేరు చదివి, సబ్బు నీళ్ళలో జారని అట్టా, అలాంటిది మన జన్మలో చేశామా బావా అన్నాడు.

"లేదు" అన్నాడు మేస్త్రీ. "బకెట్టు ఎక్కడుంది?"

అరగంటలో గది వెనక సిమెంటు నేల మీద సబ్బు నురగ పరుచుకుంది. నాలుగు రకాల అట్టలు నాలుగు పాత బూట్లకి అతికించి, ముందు జిగురు బాబాయే తొడుక్కుని దిగాడు. రెండు అడుగులు దర్జాగా వేసి, మూడో అడుగులో గోడ పట్టుకున్నాడు. కోడలు నవ్వుతూ చీటీ మీద రాసుకుంది: మొదటిది, మూడు అడుగులు. మేస్త్రీ లేసులు విప్పుకుని, రెండో రకం బూట్లలో కాళ్ళు దూర్చి, కోడలి భుజం ఆసరాగా పట్టుకుని నురగలోకి దిగాడు.